ఎవరినీ కాదనని కాలేజీ

కూపర్టినోలో స్టీవెన్స్ క్రీక్ బులవార్డ్ మీద 23వ నంబరు బస్సు దిగితే ఎదురుగా డి ఆంజా కాలేజీ. గేటు దగ్గర ఆపి కార్డు అడిగేవాళ్లు లేరు. చుట్టూ ప్రహరీ లేదు. పొద్దున్నే క్లాసులకు వచ్చేవాళ్ల మధ్యలో నేనూ నడిచి లోపలికి వెళ్లాను. నాతోపాటు బస్సు దిగినవాళ్లలో వీపున బ్యాగు తగిలించుకున్న కుర్రాళ్లున్నారు, రాత్రి షిఫ్టు ముగించుకుని హోటల్ యూనిఫాంతోనే వచ్చిన ఒకావిడ ఉంది, తల నెరిసిన పెద్దాయనొకరు ఉన్నారు. అందరూ విద్యార్థులే.

ఈ కాలేజీలో చేరడానికి ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు, కటాఫ్ లేదు. హైస్కూలు పూర్తిచేసినవాళ్లు, అది పూర్తిచేయకపోయినా 18 ఏళ్లు నిండి చదువు వల్ల ప్రయోజనం పొందగలవాళ్లు ఎవరు వచ్చినా చేర్చుకుంటారు. కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ అదే పద్ధతి. రాష్ట్రం మొత్తం మీద అలాంటివి 116 ఉన్నాయి. వాటిని 73 కాలేజీ డిస్ట్రిక్టులు నడుపుతాయి. నేను చూడ్డానికి వెళ్లింది అందులో ఒకటైన ఫుట్‌హిల్-డి ఆంజా కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్ట్. దాని కింద రెండే కాలేజీలు. లాస్ ఆల్టోస్ హిల్స్‌లో ఫుట్‌హిల్, కూపర్టినోలో డి ఆంజా. పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, లాస్ ఆల్టోస్, సన్నీవేల్, కూపర్టినో ఊళ్లు దాని పరిధిలోవి. మన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఊళ్లు కూడా ఇవే.

ఈ నేల మీద ఒకప్పుడు పండ్లతోటలే ఉండేవి. ఆప్రికాట్, చెర్రీ, ఎండబెట్టి ప్రూన్లు చేసే ప్లమ్ పండ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. తిరిగొచ్చిన సైనికులకు జీఐ బిల్లు కింద ప్రభుత్వమే చదువు ఖర్చు పెట్టుకుంది. పాలో ఆల్టోలో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎదిగింది. సన్నీవేల్‌కు లాక్‌హీడ్ వచ్చింది. 1950లో 2,90,547 మంది ఉన్న శాంటా క్లారా కౌంటీలో 1960 నాటికి 6,42,315 మంది అయ్యారు. తోటలు నరికి ఇళ్లు కట్టారు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు హైస్కూలు దాటేసరికి తర్వాత ఎక్కడ అన్న ప్రశ్న ఎదురైంది. పక్కనే స్టాన్‌ఫర్డ్ ఉన్నా అది అందరికీ అందేది కాదు.

1957 జనవరిలో స్థానిక ఓటర్లు కాలేజీ డిస్ట్రిక్ట్ ఏర్పాటుకు సమ్మతించారు. మరుసటి ఏడాది కోటి డాలర్లు దాటిన బాండ్‌ను ఆమోదించారు. బాండ్ అంటే అప్పు. దాన్ని తీర్చేది ఆ ఊళ్లలో ఇళ్లూ స్థలాలూ ఉన్నవాళ్లు కట్టే ఆస్తి పన్ను. తమ పన్ను పెరుగుతుందని తెలిసే ఓటు వేశారు. 1958 సెప్టెంబరులో, మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో రియల్ రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న పాత హైవే స్కూలు భవనంలో ఫుట్‌హిల్ కాలేజీ మొదలైంది. మాంటెరే పెనిన్సులా కాలేజీకి అధ్యక్షుడిగా పనిచేసిన కాల్విన్ ఫ్లింట్ దీనికి తొలి అధిపతి.

రెండేళ్లకు, 1960లో, కాలిఫోర్నియా తన ఉన్నత విద్య మొత్తానికి ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు హైస్కూలు విద్యార్థుల్లో పైనున్న ఎనిమిదో వంతు నుంచి తీసుకోవాలి. స్టేట్ కాలేజీలు పై మూడో వంతు నుంచి తీసుకోవాలి. మిగిలిన అందరికీ జూనియర్ కాలేజీల, అంటే ఇప్పటి కమ్యూనిటీ కాలేజీల, తలుపులు తెరిచి ఉండాలి. అక్కడ రెండేళ్లు బాగా చదివినవాళ్లు మూడో ఏడాదికి యూనివర్సిటీలో చేరగలగాలి. 18 ఏళ్లప్పుడు వెనకబడ్డ కుర్రాడు 20 ఏళ్లకు ముందుకు రావచ్చని ఒక రాష్ట్రం చట్టంగా నమ్మిన సందర్భం అది.

ఆ నమ్మకం కంటికి కనిపించేది ఫుట్‌హిల్ క్యాంపస్‌లో. 280 నంబరు హైవే పక్కన, ఎల్ మాంటే రోడ్డు మీద, రెండు గుట్టల పైన కట్టారు. ఒక గుట్ట నుంచి రెండో గుట్టకు కాలివంతెన ఉంది. కార్లు గుట్టల కిందే ఆగిపోతాయి, పైకి నడిచే వెళ్లాలి. పైన చాలావరకు అంతస్తుల భవనాలు లేవు. వెడల్పాటి కప్పులు, మన పెంకుటింటి చూరులా గోడలు దాటి కిందికి దిగి నీడనిస్తాయి. స్తంభాలు, వాటి మధ్య నడవాలు, ఒక్కో తరగతి గుంపుకు ఒక్కో ముంగిలి. ఎర్నెస్ట్ కంప్ అనే వాస్తుశిల్పి ఇంకో సంస్థతో కలిసి దీన్ని రూపొందించాడు. చెట్లూ బాటలూ ససాకి, వాకర్ సంస్థ పని. 1961లో తరగతులు ఇక్కడికి మారాయి. మరుసటి ఏడాదే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ పురస్కారం వచ్చింది.

ఆ ముంగిట్లో ఓక్ చెట్టు కింద కూర్చుంటే నాకు అనిపించింది ఇదే. ఎంపిక కానివాళ్ల కోసం కట్టే బడి ఎక్కడైనా చౌకగా, తొందరగా, ఇరుగ్గా లేస్తుంది. వీళ్లు మాత్రం దేశంలోని మంచి వాస్తుశిల్పుల్లో ఒకరిని పిలిచి కట్టించారు. ఎవరినైనా చేర్చుకుంటామని చెప్పడం సులువే. చేరినవాళ్లను గౌరవంగా కూర్చోబెట్టడానికి డబ్బు కావాలి, శ్రద్ధ కావాలి. ఇక్కడ ఆ రెండూ పెట్టారు.

ఫుట్‌హిల్ నిండిపోవడంతో రెండో కాలేజీ అవసరమైంది. 1962లో ఓటర్లు మళ్లీ బాండ్ ఇచ్చారు. కూపర్టినోలో 112 ఎకరాల్లో 1967 సెప్టెంబరులో డి ఆంజా తెరిచారు. 1776లో ఈ దారిన వెళ్లిన స్పానిష్ అన్వేషకుడు హువాన్ బౌటిస్టా డి ఆంజా పేరు పెట్టారు. ఈ స్థలం చార్లెస్ బాల్డ్విన్ అనే ధనికుడి ద్రాక్షతోట. 1890లలో విల్లిస్ పోక్ గీసిన నమూనాతో ఆయన కట్టించుకున్న తెల్లటి మేడ లె పెటి ట్రియానో ఇప్పటికీ క్యాంపస్ మధ్యలో ఉంది. అందులో ఇప్పుడు కాలిఫోర్నియా హిస్టరీ సెంటర్ నడుస్తోంది. ఒకప్పుడు అతిథులకు మాత్రమే తెరిచిన మెట్ల మీద విద్యార్థులు కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు.

తొలి అధిపతి పేరుతో ఫ్లింట్ సెంటర్ అనే పెద్ద రంగశాల 1971లో కట్టారు. 1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మొదటి మాకింతోష్ కంప్యూటర్‌ను లోకానికి చూపించింది ఆ వేదిక మీదే. ఆయన భాగస్వామి స్టీవ్ వోజ్నియాక్ అంతకు ముందు ఇదే కాలేజీలో చదివాడు. అయితే ఆ 1984కి ఈ కాలేజీల చరిత్రలో ఇంకో గుర్తు కూడా ఉంది. అప్పటిదాకా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో చదువు ఉచితం. 1978లో ప్రజలు ఓటేసి ఆస్తి పన్నుకు కళ్లెం వేశారు. ప్రొపోజిషన్ 13 అంటారు దాన్ని. స్థానిక పన్ను తగ్గాక కాలేజీలు రాష్ట్రం ఇచ్చే డబ్బు మీద ఆధారపడ్డాయి. చివరికి 1984లో మొట్టమొదటిసారి ఫీజు పెట్టారు. కొత్త సంపదకు నాంది పలికిన ఊళ్లోనే ఆ ఏడాదే ఉచిత చదువు ముగిసింది.

ఇప్పటికీ ఆ ఫీజు తక్కువే. ఇక్కడ ఏడాదిని క్వార్టర్లుగా విడదీస్తారు. రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకు ఒక యూనిట్‌కు 31 డాలర్లు. అసోసియేట్ డిగ్రీకి 90 యూనిట్లు కావాలి. అంటే రెండేళ్ల చదువుకు 2,790 డాలర్లు. పుస్తకాలు, ఇతర రుసుములు వేరు. ఆదాయం తక్కువున్నవాళ్లకు ఫీజు మాఫీ ఉంది. విదేశాల నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చేవాళ్లు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. అయినా నాలుగేళ్లూ యూనివర్సిటీలో చదివే ఖర్చుతో పోలిస్తే తక్కువని ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

ఎవరెవరు చదువుతున్నారో తెలుసుకోవాలంటే లైబ్రరీ బయట బల్లల దగ్గర కూర్చోవాలి. రెండు క్యాంపసులూ కలిపి ఒక్కో ఫాల్ క్వార్టర్‌లో పాతికవేలకు పైగా విద్యార్థులుంటారు. డి ఆంజాలో ఆసియా మూలాలవాళ్లు అందరికన్నా ఎక్కువ, తర్వాత లాటినోలు. నా చుట్టూ వియత్నామీస్, మాండరిన్, స్పానిష్, హిందీ వినిపించాయి. కాసేపటికి తెలుగూ వినిపించింది. ఫోన్లో మాట్లాడుతున్నావిడ నన్ను చూసి నవ్వింది, పలకరించాను. భర్త ఉద్యోగం మీద వచ్చిన కుటుంబం, తనది హెచ్-4 వీసా, పని చేయడానికి అనుమతి లేదు. ఇక్కడ అకౌంటింగ్ క్లాసులు తీసుకుంటోంది.

“ఇంట్లోనే ఉంటే చదివిన బీకాం కూడా మర్చిపోతానేమోనని భయమేసిందండీ. క్లాసులో నా పక్కన కూర్చునేవాడికి పందొమ్మిదేళ్లు. వెనక కూర్చునే ఆవిడకి మనవలున్నారు. మొదట్లో మొహమాటపడ్డాను. ఇక్కడ ఎవరూ మన వయసు అడగరండీ, హోంవర్కు చేశావా అనే అడుగుతారు.”

నేను దిగింది సన్నీవేల్‌లో మా మేనకోడలి ఇంట్లో. వాళ్లబ్బాయి హైస్కూల్లో ఉండగానే వేసవిలో డి ఆంజాలో లెక్కల కోర్సు తీసుకున్నాడు. హైస్కూలు పిల్లలకు యూనిట్ ఫీజు కూడా ఉండదు. ఈ సదుపాయం మనవాళ్లకు బాగా తెలుసు, బాగా వాడుకుంటారు. కానీ అదే పిల్లాడు హైస్కూలు తర్వాత నేరుగా డి ఆంజాలో చేరితే, ఆ సంగతి నలుగురిలో చెప్పడానికి తల్లిదండ్రులు తటపటాయిస్తారని నా మేనకోడలే అంది. ఇంటర్ ఫలితాల రోజు నుంచి మనం మోసుకొచ్చిన బెంగ అది. ఒక్క పరీక్షలో తేలిపోయిందే మనిషి విలువ అనుకోవడం.

డిప్లొమా చదివినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలు మన దగ్గరా ఉంది, ఎందరినో నిలబెట్టింది కూడా. అయితే అక్కడికీ మళ్లీ ర్యాంకే దారి. ఇక్కడ పద్ధతి వేరు. చెప్పిన కోర్సులు చెప్పిన మార్కులతో పూర్తిచేస్తే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా వంటి ఆరు క్యాంపసులు ముందే సీటు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ క్యాంపసులు హామీ ఇవ్వకపోయినా కమ్యూనిటీ కాలేజీల నుంచి ఏటా విద్యార్థుల్ని తీసుకుంటాయి.

యూనివర్సిటీకి వెళ్లాలని లేనివాళ్లకూ ఇక్కడ పని నేర్పే చదువులున్నాయి. డి ఆంజాలో కార్ల మరమ్మతు, సీఎన్‌సీ యంత్రాలు, నర్సింగ్. ఫుట్‌హిల్‌లో పశువైద్య సహాయకుల కోర్సు, ఎక్స్‌రే సాంకేతికత, పళ్ల శుభ్రతలో శిక్షణ. 2014లో వచ్చిన చట్టంతో 15 కమ్యూనిటీ కాలేజీలకు ప్రయోగాత్మకంగా నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చే అవకాశం దొరికితే, డెంటల్ హైజీన్ డిగ్రీతో ఫుట్‌హిల్ అందులో చోటు సంపాదించుకుంది.

ఈ కాలేజీ గోడలు దాటి వెళ్లిన పని ఒకటుంది. డి ఆంజా అధ్యాపకులు బార్బరా ఇలౌస్కీ, సూసన్ డీన్ తమ విద్యార్థుల కోసం స్టాటిస్టిక్స్ పుస్తకం రాశారు. దాన్ని అందరూ ఉచితంగా వాడుకునేలా తర్వాత విడుదల చేశారు. ఓపెన్‌స్టాక్స్ ఉచిత పాఠ్యపుస్తకాల్లో ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్‌కు మూలం అదే. నెట్ ఉంటే హన్మకొండలోనో అనంతపురంలోనో ఉన్న విద్యార్థి కూడా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. పుస్తకాల ధర తగ్గించాలని పట్టుబట్టిన ఈ డిస్ట్రిక్ట్ చాన్సలర్ మార్తా కాంటర్ 2009లో ఒబామా ప్రభుత్వంలో విద్యాశాఖ అండర్ సెక్రటరీ అయ్యారు.

ఇంత మంచి చోటికి ఇప్పుడు పెద్ద కష్టం ఇంటి అద్దె. ఈ ఊళ్లలో అద్దెలు దేశంలోనే అత్యధికమైన వాటిలో ఉన్నాయి. అందుకే డి ఆంజా విద్యార్థుల్లో చాలామంది శాన్ హోసే నుంచి, ఇంకా దూరం నుంచి వస్తారు. కార్లలో పడుకుని క్లాసులకు వచ్చే విద్యార్థులు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఉన్నారన్నది దాచిన సంగతి కాదు. రాత్రిపూట కాలేజీ పార్కింగులో కారులో పడుకోనివ్వాలని 2019లో శాసనసభలో బిల్లు కూడా పెట్టారు, అది చట్టం కాలేదు. డి ఆంజాలో విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంది. ప్రపంచంలోని అత్యంత సంపన్న కంపెనీల్లో ఒకటి ఉన్న ఊళ్లో ఒక విద్యార్థి బియ్యం, బీన్సు తీసుకుని క్లాసుకు వెళ్తున్నాడంటే, ఫీజు తక్కువుంటే చాలదని అర్థమవుతుంది. తలుపు తీసే ఉన్నా, అక్కడిదాకా చేరి నిలబడగలిగే స్తోమత కావాలి.

2020లో ఓటర్లు 898 మిలియన్ డాలర్ల బాండ్‌ను ఆమోదించారు. పాత భవనాలను బాగుచేయడంతోపాటు విద్యార్థులకు, సిబ్బందికి వసతి కల్పించడానికీ అందులో వీలుంది. 1957లో మొదలైన పనికి అది కొనసాగింపు. ఈ డిస్ట్రిక్ట్‌ను నడిపే ఐదుగురు సభ్యుల బోర్డును ఎన్నుకునేది స్థానికులే. ఆ స్థానికుల్లో ఇప్పుడు సొంత ఇళ్లు, ఓటు హక్కు ఉన్న మన తెలుగువాళ్లూ ఉన్నారు. బోర్డు ఎన్నికల్లో, బాండ్ల మీద వాళ్లు ఓటు వేసేటప్పుడు తమ పిల్లల వేసవి కోర్సు ఒక్కటే తలచుకోకూడదు. యూనిఫాం మార్చుకునే తీరిక లేక అలాగే బస్సెక్కి క్లాసుకు వచ్చే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ కాలేజీ మొదట ఆమె లాంటివాళ్ల కోసమే పుట్టింది. మన పిల్లలకు అక్కడ చోటు దొరికింది కూడా ఎవరినీ కాదనని ఆ నియమం వల్లే.