లింబాయత్‌లో ఒక పాత వ్యాను

సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలుగు వినబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. మరమగ్గాల పనికై తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ అనేకం. స్వస్థలానికి పోవడానికి వరంగల్లు మీదుగా నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉన్నది. అయినా, నేనెరిగిన ఒక మగ్గం కార్మికుని మనసు ఒక పాత వ్యాను మీదికి పోయింది. వెనుక సీట్లు తీసి పరుపు అమర్చిన బండి అది. ముసలితల్లి పడుకొని ప్రయాణించవచ్చు.

"రంగు జూసి మురువకు, కింద జూడు" అన్నది అతని భార్య. ఆ మాటలో పేట అనుభవమంతా ఉన్నది. మీఠీ ఖాడీ అనే వాగు పొంగితే ఇక్కడి వీధులు మునుగుతాయి. 2006 ఆగస్టులో తాపీ నది నగరంలో చాలా భాగాన్ని ముంచెత్తింది. నీట నానిన బండికి పైన ఎంత మెరుగైనా పెట్టవచ్చు; చట్రం అతుకులలోని తుప్పు, తివాచీ కింది ఒండ్రు మాత్రం దాగవు.

కాగితాల చిక్కు వేరే. సొంత వాహనానికి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. పిమ్మట తనిఖీలో నెగ్గితే 5 ఏళ్లకొకసారి పొడిగిస్తారు. సీట్లు తీసివేయడం వంటి మార్పులకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి, నమోదు అవసరం. ఈ బండికి అవి లేవు.

మగ్గం చెడితే షెడ్డులోనే ఆగుతుంది. బండి చెడితే నడిరోడ్డున, తల్లితో సహా! మెకానిక్కు కిందికి దూరి సుత్తితో తట్టగా చట్రం పెచ్చులు పెచ్చులుగా రాలింది. బయానా ఇవ్వలేదు. బతుకమ్మ పండుగకు తల్లి నవజీవన్‌లో కింది బెర్తు మీద వెళ్లింది.