26 గ్రాముల వెలుగు

ఆ టార్చిలైటును సంచిలోనుంచి తీసి గూట్లో పెట్టినవాణ్ణి నేనే. అది మూడు సెల్లుల ఇత్తడి లైటు, మా నాన్నగారి కాలం నాటిది. అరకిలోకు తక్కువ తూగదు. ప్రయాణానికి ముందురోజు రాత్రి నా భార్య దానిని తుడిచి, కొత్త సెల్లులు వేసి, బట్టల మధ్య భద్రంగా ఉంచింది. "సాయంకాలానికల్లా తిరిగివచ్చే దారికి ఈ రోకలిబండ ఎందుకు? చేతిలో ఫోను ఉండనే ఉంది కదా" అని నేను దానిని తీసివేశాను. ఆ మాటకు ఫలితం అనుభవించినవాడు నేను కాదు, మా బావమరిది.

అది 2017 డిసెంబరు నెల. ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభానికి బయలుదేరాము నేను, మా బావమరిది, పద్నాలుగేళ్ల అతని కుమార్తె. వాగుల వెంట, బండల మీదుగా సాగే ఆ దారి ఎక్కేటప్పుడు కష్టం, దిగేటప్పుడు అంతకన్న కష్టం. పైకి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కాళ్ల కింద పరచుకున్న నల్లమలను చూస్తూ మైమరచి కూర్చున్నాము. లోయలో సూర్యుడు అస్తమించకముందే మరుగవుతాడనీ, మన ప్రాంతంలో సంజవెలుగు అరగంటకు మించి నిలవదనీ తెలియనిది కాదు. కాని ఆ సమయంలో గుర్తుకు రాలేదు.

సగం దారి దిగేసరికి వేసే అడుగు కనిపించడం మానింది. ఫోను వెలిగించాను. ఒక చేతిలో ఫోను, రెండవ చేయి రాతి మీద. ఒకచోట నిలువుగా ఉన్న బండ దిగడానికి రెండు చేతులూ అవసరమయ్యాయి. ఫోనును పళ్ల మధ్య పట్టుకోబోయాను. అది జారి రెండు బండల సందులోకి పోయింది. అందరాని లోతున చాలాసేపు వెలుగుతూనే ఉంది కాని, ఆ వెలుగు మాకు ఎందుకూ కొరగాలేదు. బావమరిది తన ఫోను తీశాడు. పగలంతా ఫొటోలు తీసినందువల్ల దాని ఛార్జి అప్పటికే అడుగంటింది. అది ఆరిపోయిన తరువాత నాలుగైదు అడుగులు కూడా వేసి ఉండము. అతని పాదం రాళ్ల మధ్య మెలిపడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

మూడు గంటలపాటు ఆ చలిలో కదలక కూర్చున్నాము. పక్క పొదలలో ఏదో అలికిడి అయినప్పుడల్లా పిల్ల నా చేయి గట్టిగా పట్టుకొని, "మామయ్యా, ఎలుగుబంటా?" అని అడిగేది. కాదని చెప్పేవాణ్ణి. నాకు మాత్రం ఏమి తెలుసు? నల్లమలలో ఎలుగుబంట్లు ఉన్నవన్న సంగతి ఒక్కటే తెలుసు.

కింద మాకోసం వేచి ఉన్న కారు డ్రైవరు చెప్పగా, యాత్రికులకు దారి చూపే స్థానికుడు ఒకాయన ఒక యువకుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ముందుగా కనిపించింది మనిషి కాదు, చీకటిలో ఊగుతూ పైకి వస్తున్న ఒక వెలుగు. దగ్గరకు వచ్చిన తరువాత చూస్తే, చిన్న టార్చిలైటును తలపాగా మడతలో దోపుకొని ఉన్నాడు. అది ఆయన ఎటు చూస్తే అటు వెలుగుతున్నది. చేతులు రెండూ ఖాళీ. ఆ ఖాళీ చేతులతోనే, యువకుని సాయంతో, మా బావమరిదిని ఎత్తుకొని కిందికి చేర్చాడు.

దారిలో నేను నా ఫోను సంగతి చెప్పుకొని వాపోతే ఆయన అన్నాడు: "దీపం చేతిలో పట్టుకుంటే చెయ్యి ఒకటే మిగుల్తాది సామీ. కొండ దిగాలంటే రెండు చేతులూ కావల్ల."

నాకు తెలిసిన ఉపదేశాలలో ఇంత పొట్టిది, ఇంత ఉపయోగకరమైనది మరొకటి లేదు.

నిజానికి ఈ సంగతి గనికార్మికులకు ఏనాడో తెలుసు. సింగరేణి గనులలో దిగే కార్మికుని చూడండి. దీపం టోపీకి, బ్యాటరీ నడుముకు, చేతులు పనికి. నడుము మోసే ఆ బరువును తగ్గించి, దీపాన్నీ బ్యాటరీనీ కలిపి నుదుటి పట్టీకి ఎక్కించగలగడం ఇటీవలి విశేషం. నీలికాంతిని ఇచ్చే ఎల్.ఇ.డి.ని సాధించడంతో తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు సాధ్యమయింది. ఆ కృషికే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మా నాన్నగారి ఇత్తడి లైటులోని బల్బు తాను తిన్న విద్యుత్తులో అధికభాగం వేడిగా పారబోసేది. నేటి దీపం అటువంటిది కాదు. కనుకనే చిన్న బ్యాటరీతో గంటల తరబడి వెలుగుతుంది.

ఇంటికి తిరిగివచ్చిన నెలలోనే తలకు కట్టుకొనే దీపం, అంటే హెడ్‌ల్యాంపు, ఒకటి కొన్నాను. అంగడిలో ఉన్నవాటిలో అత్యంత ప్రకాశవంతమైనది అదేనన్నారు. ఛార్జి చేసుకొనే రకం. ఒకటి రెండు రాత్రులు డాబా మీద వెలిగించి, ఎదురింటి గోడ మీద పట్టపగలు సృష్టించి సంతోషించాను. తరువాత సంచిలో పెట్టి మరచిపోయాను. ఎనిమిది నెలల తరువాత మరొక ప్రయాణానికి ముందు తీసి చూస్తే వెలగలేదు. సంచిలో ఒత్తుకొని మీట తనంతట తానే పడిందో, మెల్లమెల్లగా ఛార్జి తరిగిందో చెప్పలేను. ఇంట్లో కనుక్కున్నాను కాబట్టి సరిపోయింది.

రెండవసారి రిమోట్ సెల్లులు మూడు పట్టే దీపం కొన్నాను. ఏడాది గడచిన తరువాత మూత తీస్తే సెల్లులు కారి, లోపలి రేకులు తెల్లగా బూజుపట్టినట్లు తినివేయబడి ఉన్నాయి. సాధారణ ఆల్కలైన్ సెల్లులకు ఉన్న దుర్గుణం ఇది. వాడినా కారవచ్చు, వాడకపోయినా కారవచ్చు.

ఈ రెండు పరాభవాల తరువాత నాకు ఒక తేడా బోధపడింది. రోజూ వాడే దీపం వేరు, ఆపదకు దాచుకొనే దీపం వేరు. మొదటిదానిలో ప్రకాశం చూడాలి. రెండవదానిలో ముందుగా చూడవలసినవి రెండే: అది మన దగ్గర ఉంటుందా? అవసరమైన నాడు వెలుగుతుందా?

మొదటి ప్రశ్నకు జవాబు బరువులో ఉంది. తేలికదనం కేవలం సుఖం కోసం కాదు. బరువైన వస్తువును ఏదో ఒకనాడు, "ఈ ఒక్కపూటకు అక్కరలేదులే" అని ఇంట్లో వదిలివేస్తాము. నేను వదిలివేసినట్లే. వదలాలన్న ఆలోచనే రానంత తేలికగా ఉన్న దీపమే ఆపదకు అక్కరకు వస్తుంది. చివరికి నేను ఎన్నుకున్న దీపాన్ని మా వీధి కంసాలి త్రాసులో తూచి చూశాను. సరిగ్గా 26 గ్రాములు! చొక్కా జేబులో ఉన్నదో లేదో తడిమి చూసుకోవలసినంత తేలిక.

రెండవ ప్రశ్నకు జవాబు బ్యాటరీలో ఉంది. ఈ దీపంలో ఉండేవి గడియారాలలో వాడే రకానికి చెందిన రెండు లిథియం బిళ్లలు. లిథియం సెల్లులు ఏళ్లతరబడి శక్తిని నిలుపుకొంటాయి, ఆల్కలైన్ సెల్లుల వలె తొందరగా చలికి లొంగవు. అయితే వాటికీ లోపాలు లేకపోలేదు. మారుమూల పల్లె కొట్టులో రిమోట్ సెల్లు దొరికినంత సులభంగా ఈ బిళ్లలు దొరకవు. పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం కూడా. కనుక ఇంట్లో జాగ్రత్త అవసరం. పోతే, 50 ల్యూమెన్లకు మించని ఈ వెలుగుతో తెలిసిన దారిన నడిచి రావచ్చు కాని, తప్పిన దారిని దూరం నుంచి వెదకలేము. అందువల్ల దూరప్రయాణాలలో 80 గ్రాముల మరొక దీపాన్ని తలకు కట్టుకొని, దీనిని జేబులో ఉంచుకుంటాను.

కొనబోయేవారికి నా అనుభవంలోని మరికొన్ని మాటలు. పెట్టె మీద ముద్రించిన గంటల లెక్కను చూసి మురిసిపోకండి. 2009లో ఏర్పడిన ప్రమాణం ప్రకారం, దీపం తన తొలి ప్రకాశంలో పదవ వంతుకు దిగజారే వరకు పట్టిన కాలమే ఆ గంటలు. వెలుగు చేరే దూరమని వేసిన మీటర్లు కూడా, పున్నమి వెన్నెలపాటి కాంతి మిగిలే చోటు వరకే. మీట దానంతట అది పడకుండా తాళం వంటి ఏర్పాటు ఉన్నదా అని చూడండి. వానకు ఓర్చుకొంటుందా అని అడగండి. ఎర్రని వెలుగు కూడా ఉంటే మంచిది. చీకటికి అలవాటుపడడానికి మన కళ్లకు ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లని వెలుగు ఆ అలవాటును క్షణంలో చెడగొడుతుంది, మందమైన ఎర్రని వెలుగు అంతగా చెడగొట్టదు. మంచు కమ్మినప్పుడు దీపం నుదుట ఉంటే కాంతి తెరవలె కళ్లకే తిరిగి కొడుతుంది. అప్పుడు దానిని తీసి నడుము దగ్గర పట్టుకోవాలి. ఇక ఆపదలో చిక్కుకొన్నవారు నిమిషానికి ఆరుసార్లు వెలుగు చూపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ అలాగే చూపాలన్నది పర్వతారోహకులలో 1894 నుంచి వస్తున్న సంకేతం. చూసినవారు నిమిషానికి మూడుసార్లు చూపి బదులిస్తారు. దీపంతోపాటు ఈ లెక్కను కూడా వెంట తీసుకొనిపోవాలి. దానికి బరువు లేదు.

2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోని చోప్తా నుంచి తుంగనాథ్‌కు, అక్కడినుంచి చంద్రశిలకు సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున బయలుదేరాను. తుంగనాథ్‌కు ఇంకా చాలా దూరం ఉండగానే మంచు దిగింది. ఒక మలుపులో వృద్ధ దంపతులు బండను ఆనుకొని కూర్చొని ఉన్నారు. కలకత్తా నుంచి వచ్చినవారు. చలికి ఫోను ఆగిపోయింది. ఎక్కే ధైర్యమూ లేదు, దిగే ధైర్యమూ లేదు. ఆమె భర్త చేయి పట్టుకొన్న తీరు చూసేసరికి నాకు ఉగ్రస్తంభం దారిలో నా చేయి పట్టుకొని కూర్చున్న పిల్ల జ్ఞాపకం వచ్చింది.

మూడేళ్లుగా ఒక్కసారి కూడా అవసరపడని ఆ చిన్న దీపాన్ని జేబులోనుంచి తీసి, ఆమె ఉన్ని టోపీ మీద కట్టాను. మీట తిప్పగానే వెలిగింది. నా దీపాన్ని నడుము దగ్గర పట్టుకొని నేను ముందు నడిచాను. ఆమె భర్తను రెండు చేతులా పట్టుకొని వెనుక వచ్చింది. తెల్లవారేసరికి గుడి దగ్గరకు చేరాము. మంచు వీడలేదు, సూర్యోదయం కనిపించలేదు. ఆపదకని దాచుకొన్న దీపం మన ఆపదకే అక్కరకు రావాలని లేదని మాత్రం ఆ ఉదయం తెలిసింది.

మా బావమరిది కాలు నయమయింది కాని, మెట్లు దిగేటప్పుడు ఈనాటికీ కొంచెం తడబడతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా మటుకు నేను ఒక నియమం పెట్టుకొన్నాను. ఏటా దీపావళినాటి సాయంకాలం, ప్రమిదలు వెలిగించడానికి ముందు, ఈ చిన్న దీపాన్ని తీసి ఒకసారి వెలిగించి చూస్తాను. బ్యాటరీలు పదేళ్లు దాచినా పనిచేస్తాయని తయారుచేసినవారు అంటారు. అయినా చూస్తాను. ఇప్పుడు నా భార్య నా సంచి సర్దేటప్పుడు ఏమీ చెప్పదు. దీపం జేబులో ఉన్నదో లేదో తడిమి చూసి ఊరుకుంటుంది.