నంబరు అదియే, యజమానుడు వేరు



మన పితరుల కాలమున ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచెడివాడు, నడక చూచెడివాడు, సుడులు లెక్కపెట్టెడివాడు. నేడు మా బోరబండలో పాత కారు కొనువాడును ఇంచుమించుగా అట్లే చేయుచున్నాడు. కాలము మారినను, కొనువాని భయమును అమ్మువాని మాటలును మారలేదు.

1998వ సంవత్సరమున మాదాపురములో సైబరు టవర్సు ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమే హోండా సిటీ అను కారు మన దేశపు మార్కెట్టులోనికి వచ్చెను. వెనుక సామాను పెట్టె గలిగి, నలుగురు సుఖముగా కూర్చుండదగిన ఇట్టి నడితరగతి కార్లు ఆ దినములలో ఆఫీసరుల వాకిళ్లయందే కనబడెడివి. తరువాత హైటెక్ సిటీ ఉద్యోగులు వాటిని కొనిరి, కొన్నియేండ్లు నడిపిరి, క్రొత్తవి రాగా అమ్మిరి. అట్లు అమ్మబడినవి ఎంఎంటీఎస్ రైలులో ఒక్క స్టేషను ఇవతలనున్న మా బోరబండకు దిగివచ్చినవి. మా ఇంటికి 2022లో వచ్చినదియు అట్టిదే. 2015లో రిజిస్టరైన బండి. అది ఏ కంపెనీదో ఇచ్చట చెప్పుట అనవసరము. ఏలయనగా నేను చెప్పబోవునది కంపెనీనిగూర్చి కాదు.

అమ్మకమునకు మధ్యవర్తియైన వ్యక్తి బండిని అద్దమువలె తుడిచి చూపెను. మీటరు నలుబది ఎనిమిది వేల కిలోమీటర్లు చూపుచుండెను. మాతో వచ్చిన మెకానిక్కు మీటరు వైపు చూడనేలేదు. అతడు వంగి పాదముల దగ్గరి పెడళ్లను చూచెను. క్లచ్చు పెడలు మీది రబ్బరు అరిగి నున్ననైపోయి యుండెను. స్టీరింగు చక్రము చేతులు పట్టిన చోట మెరయుచుండెను. తరువాత టైరు ప్రక్కనున్న నాలుగు అంకెలను చదివెను. వాటిలో మొదటి రెండు అంకెలు అది తయారైన వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. పిమ్మట సీట్ల క్రింది తివాచీ ఎత్తి, ఇనుప పట్టాలకు త్రుప్పు పట్టినదేమో, బురద వాసన వచ్చుచున్నదేమో చూచెను. 2020 అక్టోబరు వరదలలో ఈ నగరమందు ఎన్నియో కార్లు నీట మునిగినవి గదా! మా బండి మునిగినది కాదు. అయితే సర్వీసు వివరములు తెప్పించి చూడగా, మూడేండ్ల క్రిందటనే అది అరువది రెండు వేలు దాటినట్లు తేలెను. ఎవరో మీటరును వెనుకకు త్రిప్పిరి.

దొంగ తూనికరాళ్లు దేవునికి హేయములని మోషే కాలమునుండి మనము వినుచునే యున్నాము. ఈ కాలపు తూనికరాయి మీటరు. ఆ మాట పైకి చెప్పగా మధ్యవర్తి చిన్నబుచ్చుకొని ధర తగ్గించెను. ఇంజను గట్టిదని మెకానిక్కు సెలవిచ్చుటచేత, దాని నిజమైన వయస్సు ఎరిగియే మేము దానిని కొంటిమి.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగి ఆలోచింతము. మనమును దేవుని యెదుట మన మీటరును వెనుకకు త్రిప్పి నిలుచుచున్నాము గదా! ఆదివారపు వస్త్రములు తుడిచిన బానెట్టువంటివి. కాని ఆయన మన పెడళ్లను చూచును. మన పాదములు ఎచ్చట ఎంత అరిగినవో ఆయనకు తెలియును. ఆశ్చర్యమేమనగా, సమస్తము తెలిసియే ఆయన మనలను కొనెను. ధర మాత్రము తగ్గించలేదు.

ఇక రెండవ సంగతి. పత్రములు చూడగా, బండి మొదటి యజమానుని పేరుననే యున్నది. ఆయన 2018లోనే అమ్మివేసెను. కొన్నవాడు పేరు మార్పించుకొనక నాలుగేండ్లు నడిపి మరల అమ్మకమునకు పెట్టెను. “పేరు నెమ్మదిగా మార్పించుకోవచ్చు, తొందరేముంది” అని మధ్యవర్తి మాకును అదే బోధ చేసెను. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను అట్లు చెప్పుటలేదు. అదే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలోగా, కొన్నవాడు 30 దినములలోగా కార్యాలయమునకు తెలుపవలెను. ఫారము 29, ఫారము 30 అనునవి అందుకొరకే యున్నవి. 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. అందులో ఒక కారు చేతులు మారి, మరల మారి పోయినది. పుస్తకములో పేరు మాత్రము మారలేదు. ప్రమాదము జరిగి ప్రాణనష్టము కలుగగా, పరిహార బాధ్యత పుస్తకములో ఎవని పేరున్నదో వానిదేయని న్యాయస్థానము తేల్చెను.

కాబట్టి మా బండి పుస్తకములోని ఆ మొదటి యజమానుని వెదకి పట్టుకొంటిమి. ఆయన ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడు. నగరములో మరియొక మూలనున్నాడు. “నేను ఎప్పుడో అమ్మేసిన బండి గదమ్మా, ఇంకా నా పేరు మీదనే ఉన్నదా?” అని నా భార్యనడిగి, ఆయన కుర్చీలో కూలబడెను. నాలుగేండ్లు ఎవడో అపరిచితుడు ఆ బండిని వేగముగా నడుపుచుండగా, ఆ భారమంతయు ఈ వృద్ధుని తలమీద నుండెను. ఎవనినైన గ్రుద్దియున్న యెడల ఈయన పింఛనునకే ముప్పు వచ్చియుండెడిది. ఆయన వణకుచున్న చేతితో సంతకము చేసి, “బిడ్డా, ఈ రాత్రి నిద్రపడతది” అనెను.

ఆ మాట నాకు ఒక ప్రసంగమువలె నుండెను. ఒకడు నడుపును, మరియొకడు బాధ్యుడగును; ఇది లోకములో అన్యాయము. ఆ వృద్ధుడు తెలియక ఆ భారము మోసెను. కాని మన ప్రభువు తెలిసి, ఇష్టపడి, మనము నడిపిన నడకకు తన పేరు వ్రాయించుకొనెను. కల్వరి కొండ మీద మ్రాను అదియే గదా!

మూడవది చలానుల సంగతి. బండి నంబరు కొట్టి చూడగా అతివేగమునకు మూడు చలానులు బాకీ యున్నవి. ఒక్కొక్కటి 35 రూపాయల రుసుముతో కలిపి 1,035. వెరసి 3,105 రూపాయలు. ఆ వేగము మాది కాదు, అయినను నంబరు మాది. మా ఇంటిలో ఇంత చర్చ జరిగెను. మధ్యవర్తి ఫోను ఎత్తుటలేదు. కట్టక నిలిపియుంచి కాలయాపన చేయుటయా, లేక ఆ వృద్ధుని పేరుమీదనుండి ఆ మచ్చ తుడుచుటయా? కట్టితిమి. తరువాత 2023 డిసెంబరులో ప్రభుత్వము పాత చలానులకు రాయితీ ప్రకటించి, కార్లకు 60 శాతము తగ్గించెను. “కొంచెము ఆగియుంటే బాగుండెడిది” అని కొందరు నవ్విరి. నవ్వనిండు. ప్రభుత్వపు క్షమాపణకు శాతమున్నది, గడువున్నది. దేవుని క్షమాపణకు ఆ రెండును లేవు. నలుబది పాళ్లు మనము కట్టవలసిన అప్పు ఆయన లెక్కలో మిగులలేదు.

నాల్గవ సంగతియే మిక్కిలి నెమ్మదియైనది. రిజిస్ట్రేషను పుస్తకములో పేరు ఒక్కనాడు మారెను. ఆ దినమునుండి మొదటి యజమానునికి గాని, నడిపినవానికి గాని దానిమీద హక్కు లేదు. అయితే బండి ఆ దినమే మారెనా? లేదు. అది ఎడమ ప్రక్కకు లాగుచునే యుండెను. బోరబండ ఎత్తుపల్లముల మీద, పాత డ్రైవరు హాఫ్ క్లచ్చు తొక్కి తొక్కి అరగదీసిన ప్లేటు ప్రతి ఎత్తులో వాసన కొట్టుచుండెను. పొడవైన బండియగుటచే స్పీడుబ్రేకరును నిదానముగా ఏటవాలుగా దాటకున్న పొట్ట నేలకు రాచుకొనుచుండెను. మెకానిక్కు చక్రముల అలైన్‌మెంటు సరిచేసి, క్లచ్చు ప్లేటు మార్చి, చేతులు తుడుచుకొనుచు, “పేరు మారినంత మాత్రాన బండి మారదు సార్. నడిపే చెయ్యి మారాలె, అప్పుడు మెల్లగ బండి మారుతది” అనెను.

సహోదరులారా, ఈ మాటలో పెద్ద ఓదార్పు ఉన్నది. రక్షింపబడి పదియేండ్లైనను నా కోపము ఎడమకు లాగుచున్నదే, నా నోరు నేలకు రాచుకొనుచున్నదే, నేను నిజముగా ప్రభువు వాడనేనా అని దుఃఖపడువారు మన సంఘములలో అనేకులున్నారు. వారికి చెప్పునదేమనగా, నీ పేరు మారిన దినము వేరు, నీ పాత అరుగుదల బాగుపడు దినములు వేరు. మొదటిది ఒక్క సంతకముతో ముగిసినది. అది నీ నడకను బట్టి రద్దగునది కాదు. రెండవది కార్ఖానాలో, ఓపికతో, ఒక్కొక్క భాగముగా జరుగును. నంబరు పలక మాత్రము పాతదే. తెలంగాణ ఏర్పడకముందు రిజిస్టరైన బండ్లు నేటికిని పాత అక్షరములతోనే తిరుగుటలేదా? చూచువారికి నీవు పాత నంబరు గలవాడవే. యజమానుడెవరో పుస్తకములో చూడవలెను.

కడపట ఒక ప్రశ్న. యజమానుడు మారినది దేనికి? వాకిట కవరు కప్పి నిలుపుటకు కాదు. మంచి సమరయుడు దెబ్బతినినవానిని తన స్వంత వాహనముపై ఎక్కించి తాను ప్రక్కన నడచెను. లూకా సువార్త 19వ అధ్యాయములో గాడిదపిల్ల యజమానులు, ప్రభువుకు అవసరమని వినగానే మరి అడ్డు చెప్పలేదు. వారి పేర్లు మనకు తెలియవు, వారి గాడిదపిల్లను మాత్రము లోకమంతయు ఎరుగును. మన సందులలో అర్ధరాత్రి నొప్పులు వచ్చు తల్లులున్నారు, డయాలిసిస్‌కు వారమునకు ముమ్మారు పోవు తండ్రులున్నారు, ఆదివారము మెట్లు దిగలేని అవ్వలున్నారు. అరిగిన క్లచ్చు బాగుచేయబడినది అట్టివారికొరకే.

కావున కారు గలవారు తమ పుస్తకము తీసి, అందు ఎవరి పేరున్నదో ఈ వారమే చూచుకొనుడి. అమ్మినవారు తమ పేరు తీసివేయబడెనో లేదో విచారించుకొనుడి. అది పొరుగువానియెడల న్యాయము. కారు ఉన్నవారును లేనివారును తమ హృదయపు పుస్తకమును తెరచి, అందు ఎవరి పేరు వ్రాయబడియున్నదో చూచుకొనుడి. మనలను కొనిన ప్రభువు మనలను సరిచేయుచు, తన పనికి వాడుకొనును గాక. ఆమేన్.