మొరాయించిన మీట

మా మనుమడు గిటారు వాయిస్తాడు. వాని పాదాల చెంత ఒక పలక, దానిపై నాలుగు లోహపు పెట్టెలు. పెడల్స్ అంటారట. పెట్టె నెత్తినున్న మీటను కాలితో ఒకమారు నొక్కితే నాదం గరగరలాడుతుంది, మరల నొక్కితే యథాప్రకారం. శ్రుతిపెట్టె తప్ప మరొకటి ఎరుగని నాకు అదొక వింత.

మొన్నటి వానలలో ఒక మీట దిగినది దిగినట్లే ఉండిపోసాగింది. వాడు కళాశాలకు వెళ్ళిన వేళ, సాయపడదామని, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. ఆ పూట చక్కగా ఆడింది. వారం తిరిగేసరికి నూనెలో ధూళి చేరి జిగురై పూర్తిగా బిగుసుకుపోయింది.

ఆదివారం వాడు అడాప్టరు ఊడదీసి, అడుగు రేకు మరలు విప్పి, "ఇందులో నూనె ఎక్కడిది?" అన్నాడు. ముప్పదియేండ్లు పిల్లల తప్పులకు ఎర్రసిరా సున్నలు చుట్టినవాణ్ణి! నా తప్పు చెప్పుకొనడానికి నోరు పెగలలేదు. ఎట్టకేలకు చెప్పాను. వాడు నవ్వలేదు, కోపగించలేదు. "టార్చి పట్టుకో తాతయ్యా" అన్నాడు.

ఐసోప్రొపైల్ ఆల్కహాలు త్వరగా ఆవిరైపోతుంది, జిడ్డు మిగల్చదు. దూదిపుల్లతో దానిని మీట కాడ చుట్టూ అద్ది, ఏబదిమార్లు నొక్కాడు. నల్లని మడ్డి వెడలింది. ఇది కుదరకుంటే మీటనే మార్చాలట. దాని తొమ్మిది కాళ్ళ టంకమూ కరిగించాలి, వేడి మితిమీరితే లోపలి ప్లాస్టిక్కు చెడుతుంది. ఆ అవసరం రాలేదు. ఆరిన పిదప మీట టిక్కుమని లేచింది.

"తొక్కి చూడు తాతయ్యా."

వాద్యాన్ని కాలితో తాకడం నా వల్ల కాలేదు. వంగి, చేతితో నొక్కాను.