తాళం వేసిన ఇల్లు

ఝరాసంగంలో మా నానమ్మ ఇల్లు ఏడాదంతా తాళమే. శివరాత్రికి, కేతకీ సంగమేశ్వరుడి జాతరకి మాత్రం తెరుస్తాం. "కంప్యూటర్ చదువుతున్నవ్ గదా, నువ్వే చూడు" అని నాన్న ఇంటి బీమా పని నాకిచ్చారు.

2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ చదివాను. నేను స్థలం ధర కూడా కలిపేశాను. తప్పు! మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. సామాన్లకి అందులో 20 శాతం, మహా అయితే 10 లక్షలు, దానంతటదే వస్తుంది.

"దొంగలు పడితే ఇస్తరా బిడ్డా?" నానమ్మ అడిగింది.

"ఉత్త దొంగతనానికి రాదు. అగ్నిప్రమాదమో వరదో జరిగి, దానివల్ల ఏడు రోజుల్లోపు పోతేనే. వేరే కవర్ తీసుకోవాలి. ఇల్లు ఖాళీ అని కూడా దాచకుండా చెప్పాలి."

"మరి నన్నక్కడ దించిరా. నేనుంటే ఖాళీ ఎట్లయితది?"

ఫారం ఇంకా నింపలేదు.