కాయ మనదే, డబ్బు ఎవరి చేతిలో ఆగింది?



ఈ వారంలో ముగ్గురు ఫోన్ చేశారు. "హైదరాబాద్‌కి మామిడి పెట్టెలు పంపుతున్నావు కదా, డబ్బులు దేంట్లో వేయించుకుంటున్నావు? ఏ కంపెనీది పెట్టుకోమంటావు?" అని. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. కంపెనీల పేర్లు మాత్రం రాయను. నాకు జరిగింది రాస్తా, ఏది ఎంచుకోవాలో మీరే చూసుకోండి.

మాది నూజివీడు పక్క ఊరు. నాలుగెకరాల బంగినపల్లి తోట. ఎన్నో ఏళ్ళు కాయంతా ఒకే కమీషన్ షావుకారుకి వేశాం. తరుగు తీస్తాడు, కమీషన్ కోస్తాడు, కానీ సాయంత్రానికి డబ్బు చేతిలో పెడతాడు. మూడేళ్ళ కింద హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి, "నాన్నా, మా అపార్ట్‌మెంట్‌లో అడుగుతున్నారు, పది కిలోల పెట్టెలు కట్టి పంపు" అంది. పెట్టె 900, చేరవేత మనదే. అలా మొదలైంది.

మొదటి ఏడు నా సేవింగ్స్ ఖాతాకి ఫోన్లో ఉన్న క్యూఆర్ కోడ్‌తోనే నడిపాను. బాగానే ఉంది. ఒకరోజు రోడ్డు పక్కన తోట దగ్గరే అమ్ముతుంటే కారాయన నాలుగు పెట్టెలు ఎక్కించుకుని, ఫోన్ చూపించి "పంపేశానండీ" అన్నాడు. తెర మీద పచ్చ టిక్కు కనిపించింది. రాత్రి ఖాతా చూస్తే ఏమీ రాలేదు. 3,600 పోయింది. తప్పు నాదే, ఆయన ఫోన్ చూశాను గానీ నా ఫోన్ చూసుకోలేదు.

అప్పుడు ఒక కంపెనీ కుర్రాడొచ్చి స్పీకర్ డబ్బా ఇచ్చాడు. డబ్బు పడగానే గట్టిగా చెప్తుంది, మోసం తగ్గింది. "ఫ్రీ అంకుల్" అన్నాడు. మొదటి నెలే ఫ్రీ. తర్వాత నెలనెలా అద్దె కోశారు. మనకి అమ్మకం రెండు నెలలు, అద్దె పన్నెండు నెలలు. తిరిగి ఇద్దామంటే ఆ కుర్రాడి ఫోన్ పనిచేయలా.

రెండో ఏడు అసలు దెబ్బ తగిలింది. కొంతమంది క్రెడిట్ కార్డుతో కడతామన్నారు. మా అబ్బాయి ఒక పేమెంట్ గేట్‌వే కంపెనీలో పేరు నమోదు చేసి, వాట్సాప్‌లో పంపే లింకు తయారుచేశాడు. నూటికి 2 రూపాయలు వాళ్ళ ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 900 పెట్టెకి 21 రూపాయల 24 పైసలు. 200 పెట్టెలకి 4,248. ఆరుగురు కోత కూలీల ఒక రోజు కూలి. షావుకారు కమీషన్‌తో పోలిస్తే ఇదెంతలే అనుకున్నా.

పట్టుబడింది ఛార్జీ దగ్గర కాదు. లింకుతో కట్టిన డబ్బు నేరుగా మన ఖాతాకి రాదు. ముందు ఆ కంపెనీ దగ్గరికి పోతుంది, రెండు మూడు రోజులకి మనకి వేస్తారు. ఏప్రిల్ ఆఖర్లో ఒక్కసారిగా ఆర్డర్లు పెరిగాయి. అంతే, వాళ్ళ మిషన్‌కి అనుమానం వచ్చింది. 42 పెట్టెల డబ్బు, 37,800 రూపాయలు ఆపేశారు. వ్యాపారం రుజువు పంపమన్నారు, జీఎస్టీ సర్టిఫికెట్ అడిగారు. సొంత పొలంలో పండింది అమ్ముకునే రైతుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చట్టంలోనే ఉంది. పట్టాదారు పాసు పుస్తకం ఫొటో పంపితే, "ఈ పత్రం చెల్లదు" అని ఒకటే జవాబు. మాట్లాడదామంటే మనిషి దొరకడు.

ఇక్కడ శనివారం కూలి ఇవ్వాలి. కాయ ముదిరింది, ఆకాశం మబ్బేసింది. మేస్త్రి మంచివాడే, కానీ వాళ్ళింట్లోనూ పొయ్యి వెలగాలి కదా. "డబ్బు చూసుకుని పిలవండి బాబాయ్" అని పక్క తోటకి పోయాడు. రెండో రాత్రి గాలి వచ్చింది. పొద్దున్నే చెట్ల కింద రాలిన కాయ చూసి మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

చివరికి ఎవరి దగ్గరికి వెళ్ళానో తెలుసా? నేను వదిలేసి వచ్చిన షావుకారు దగ్గరికే. వడ్డీ అడగలా. 25,000 లెక్కపెట్టి ఇచ్చి, "వచ్చే ఏడు సగం కాయ నాకు వెయ్యి" అన్నాడంతే. ఒప్పుకున్నా. కంపెనీ పదకొండో రోజున డబ్బు వదిలింది. మాట మాత్రం మాటే, పోయినేడు సగం తోట ఆయనకే వేశాను. హైదరాబాద్ ధర, మార్కెట్ ధర తేడా చూసుకుంటే ఆ పదకొండు రోజుల ఖరీదు ఎంతో నాకే తెలుసు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే:

పక్క ఊళ్ళో బ్రాంచి ఉన్న బ్యాంకు క్యూఆర్ తీసుకున్నా. ఏదైనా ఆగితే నడిచి వెళ్ళి అడగడానికి ఒక మనిషి, ఒక బల్ల ఉన్నాయి. మామూలు ఖాతా నుంచి యూపీఐతో కడితే అమ్మేవాడి మీద ఎండీఆర్ ఛార్జీ 2020 జనవరి నుంచి లేదు. లింకు కంపెనీలు మాత్రం యూపీఐ మీద కూడా తమ సేవకి ఛార్జీ వేయొచ్చు, ముందే అడగండి.

కాయ డబ్బు పడే ఖాతా, పంట రుణం ఖాతా వేర్వేరు బ్యాంకుల్లో పెట్టా. రుణం గడువు దాటితే అదే బ్యాంకులో పడిన డబ్బు బాకీకి సర్దుకునే వీలుంది.

కార్డు లింకు తీసేశా. పదిమంది కొనేవాళ్ళు తగ్గారు, తగ్గనీ. మీకు కార్డు లింకు కావాల్సిందే అంటే, సీజన్‌కి రెండు నెలల ముందే పత్రాలన్నీ ఇచ్చి, చిన్న మొత్తాలతో నడిపి చూడండి. కాయ కోతకొచ్చాక కొత్త కంపెనీ వద్దు.

కొనేవాళ్ళ ఫోన్ కాదు, మన ఖాతా చూసుకున్నాకే పెట్టె ఎక్కించాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఎవరైనా కొట్టమంటే అది మోసం. పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కంపెనీ కుర్రాడొస్తే మనందరం "ఎంత కోస్తారు?" అని అడుగుతాం. నేనూ అదే అడిగాను. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నా డబ్బు మీ దగ్గర ఎన్ని రోజులుంటుంది? ఆపితే ఎవరిని అడగాలి? అద్దె ఎన్ని నెలలు? మానేస్తే డబ్బా ఎవరు తీసుకెళ్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పనివాడు ఫ్రీగా ఇచ్చినా నాకొద్దు.

ఈ ఏడు పూత బాగుంది. షావుకారు బాకీ లేదు, మాట బాకీ కూడా తీరిపోయింది. మేస్త్రికి మొదటి వారం కూలి ఇప్పుడే విడిగా తీసి మా ఆవిడ చేతికిచ్చా. ఏ కంపెనీ ఆపినా అది ఆగదు.

మీ దగ్గర ఎలా నడుస్తుందో మీరూ రాయండి. ఉంటాను.