బియ్యం బస్తా అందే దూరం

చిన్న జీతానికి ఏ ఊరు చవక? మా ఓడలరేవులో ఏటా ఎండలు తగ్గే వేళకు ఈ లెక్క మొదలవుతుంది. వైనతేయ సముద్రంలో కలిసే ఈ చివర మాకు ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. చదివినవాళ్ళందరికీ సరిపడా కొలువులు మాత్రం లేవు. చదువు అవగానే పిల్లలు ఊరు వెతుక్కోవాల్సిందే.

మొన్న మా వీధి కుర్రాడొకడు వచ్చాడు. నేను బాబాయ్ వరస. "హైదరాబాద్‌లో పద్దెనిమిది వేలు ఇస్తామన్నారు బాబాయ్. కాకినాడలో పన్నెండే. ఎటు వెళ్ళమంటారు?" అన్నాడు. ఆరు వేలు తేడా. ఎవరికైనా మనసు హైదరాబాద్ వైపే పోతుంది. కానీ అద్దె సంగతి కూడా చూడాలి.

కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఇంటద్దె భత్యం ఇవ్వడానికి ఊళ్ళను మూడు తరగతులుగా విడదీసింది. హైదరాబాద్ మొదటి తరగతి. 2024 జనవరి నుంచి అక్కడ మూలవేతనంలో 30 శాతం. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు రెండోది, 20 శాతం. కాకినాడ, రాజమండ్రి మూడోది, 10 శాతం. మా కుర్రాడి కంపెనీ ఈ భత్యం ఇవ్వదు గానీ, ఈ లెక్క అతనికీ పనికొస్తుంది. అద్దె కోసం ఒకచోట ఒకటి ఇస్తే మరోచోట మూడు ఇవ్వాలని ప్రభుత్వమే అనుకుంటోంది. అతనికొచ్చే జీతం పెరిగింది మాత్రం ఒకటిన్నర రెట్లే.

అమీర్‌పేటలోనో కేపీహెచ్‌బీలోనో హాస్టల్లో మంచానికి, భోజనానికి కలిపి ఆరేడు వేలు ఎటూ పోతాయి. ఆఫీసు హైటెక్ సిటీ అవతలైతే రోజూ మెట్రో, ఆపైన షేర్ ఆటో. అవి కాగితం మీద వేసుకుంటారు. వేసుకోనిది ఇంటికి వచ్చిపోయే ఖర్చు. మా కోనసీమకు రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను మంజూరై పాతికేళ్ళయినా అమలాపురంలో రైలెక్కే రోజు రాలేదు. రాత్రి బస్సే గతి. సంక్రాంతికి, కనుమనాటి జగ్గన్నతోట తీర్థానికి రావాలంటే ప్రైవేటు బస్సువాళ్ళు అడిగినంతా ఇచ్చుకోవాలి. పండక్కి రాకుండా మిగుల్చుకొమ్మని నేనైతే ఏ పిల్లాడికీ చెప్పను.

కాకినాడ అలా కాదు. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి లేని రోజుల్లో పంటు కోసం రేవులో నిలబడేవాళ్ళం. ఇప్పుడు అమలాపురంలో బస్సెక్కితే యానాం మీదుగా రెండు గంటలు. నలుగురు కలిసి గది తీసుకుంటే అద్దె భారం కాదు. ఇంటి బియ్యం, కొబ్బరికాయలు, ఎండు రొయ్యలు, పచ్చళ్ళు నెలకోసారి బస్సులో వెళతాయి. జ్వరమొస్తే అమ్మ మధ్యాహ్నానికల్లా గదిలో ఉంటుంది. ఆ రాకకు ఏ జీతంలోనూ పద్దు లేదు. ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బే అక్కర్లేదు. అమలాపురంలో పని దొరికిన అమ్మాయి ఇంట్లోనే ఉండి వెళ్ళిరావచ్చు. ఆమెకు అద్దె కూడా మిగులుతుంది.

మా పక్క ఊళ్ళ నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఈ లెక్కను ఇంకో చివరిదాకా తీసుకెళ్ళారు. యజమాని ఇంట్లోనే ఉంటారు, అక్కడే తింటారు. అద్దె లేదు, వచ్చింది వచ్చినట్టు ఇంటికి పంపుతారు. బదులుగా ఏళ్ళ తరబడి పిల్లల్ని చూడలేరు. దాన్ని చవక అనడానికి నాకు నోరు రాదు.

అలాగని అందరినీ కాకినాడకే పొమ్మనను. సాఫ్ట్‌వేర్ పని నేర్చుకుని రెండు మూడేళ్ళలో జీతం పెంచుకోగలిగినవాడు హైదరాబాద్‌లో ఇరుకు గదిని ఓర్చుకోవచ్చు. అది చదువు ఖర్చు లాంటిదే. బిల్లింగ్ కౌంటరు, సెక్యూరిటీ, షోరూం అమ్మకాలు – వీటిలో పదేళ్ళకైనా జీతం పెద్దగా కదలదు. అలాంటి ఉద్యోగానికి అంత దూరం పోవడం నాకు సమ్మతం కాదు. మా కుర్రాడికొచ్చింది బిల్లింగ్ పనే. అందుకే కాకినాడే అన్నాను. గది పనిచేసే చోటికి నడిచి వెళ్ళేంత దగ్గరలో చూసుకోమని, అడ్వాన్సు ఇస్తే కాగితం రాయించుకోమని కూడా చెప్పాను. వాళ్ళ నాన్నగారు ఇంకా ఆ పద్దెనిమిది వేల దగ్గరే ఉన్నారు. ఆయనతో మాట్లాడాలి. ముందు పండగ నాటి బస్సు చార్జీలు చూపిస్తాను.